నిప్పుల చుట్టూ భోజనం

నెల్లూరు

చిరంజీవులకు మీ పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మా ఆఫీసు వాళ్లమందరం కలిసి బార్బిక్యూ భోజనానికి వెళ్లామని తెలిసి మీరు ఫోనులో ఒక ప్రశ్న అడిగారు. అదే కోడి, అవే రొయ్యలు ఇంట్లో కూర వండుకుంటే చాలదా, కాల్చిన ముక్కలో అంత విశేషం ఏముంది అని. ఇది ఫోనులో రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక వివరంగా రాస్తున్నాను.

అక్కడ బల్ల మధ్యలో ఒక గుంట ఉంటుంది. మనం కూర్చోగానే ఎర్రగా కణకణలాడే బొగ్గులున్న ఇనుప పెట్టెను తెచ్చి అందులో దింపుతారు, దాని మీద ముక్కలు గుచ్చిన ఊచలను అడ్డంగా పేరుస్తారు. కోడి, చేప, రొయ్య, పనీరు, పుట్టగొడుగులు, అనాస ముక్కలు వరుసగా వస్తూనే ఉంటాయి. చాలనుకున్నప్పుడు బల్ల మీదున్న చిన్న జెండాను దించితే వడ్డన ఆగుతుంది. మాలో శాకాహారులు కొందరున్నారు కనుక వాళ్లకు వేరే బల్ల, వేరే నిప్పులు ఏర్పాటు చేయించాము. ఒకే నిప్పుల మీద రెండూ పెట్టి సర్దుకోమనడం మర్యాద కాదని నా అభిప్రాయం.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మామిడికాయ వేసి పెట్టే మన నెల్లూరు చేపల పులుసు ఎంతసేపు మరిగినా, అందులో నీరున్నంతవరకు వేడి ఇంచుమించు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. అందుకే పులుసులో ముక్క మెత్తబడుతుంది, పులుపూ కారమూ పీల్చుకుంటుంది, కానీ ఎర్రగా కాలదు. నిప్పుల మీద పెట్టిన ముక్కకు పైన తడి ఆరిపోగానే వేడి 140 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు మాంసంలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి కొత్త రంగునూ, కొత్త వాసననూ, కొత్త రుచినీ పుట్టిస్తాయి. ఈ మార్పును 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరే దానికి స్థిరపడింది. దీనికి తోడు ముక్కలోంచి కారిన కొవ్వు బొగ్గుల మీద పడి పొగగా లేచి మళ్లీ ఆ ముక్కనే పట్టుకుంటుంది. కాబట్టి ఇది కూర కంటే గొప్పదీ కాదు, తక్కువదీ కాదు, కూరలో పుట్టని రుచి మాత్రం ఇందులో పుడుతుంది.

రొయ్యను మాత్రం దగ్గరగా చూడమని మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మన జిల్లా చెరువుల్లో పెంచే వనామీ రొయ్య పచ్చిగా ఉన్నప్పుడు బూడిదరంగులో, వెలుతురు కాస్త దూరేటట్లు ఉంటుంది. నిప్పుల మీద పెట్టిన కాసేపటికి తోక దగ్గర నారింజరంగు మొదలై, వీపు మీదుగా పాకుతూ, లోపలి కండ తెల్లబడి, రొయ్య మొత్తం ముడుచుకుంటుంది. ఆ రంగు కొత్తగా వచ్చింది కాదు. అస్టాజాంతిన్ అనే ఎర్రని పదార్థం రొయ్యలో ముందే ఉంటుంది, ఒక ప్రోటీను దాన్ని పట్టి ఉంచడం వల్ల మనకు కనిపించదు. వేడికి ఆ ప్రోటీను పట్టు సడలగానే అసలు రంగు బయటపడుతుంది. అంతటితో రొయ్యను తీసేయాలి, ఇంకాసేపు ఉంచితే రబ్బరులా సాగుతుంది. కోడికి ఈ తొందర పనికిరాదు, ఎముక దగ్గర పచ్చిదనం పోయేదాకా కాలవలసిందే.

నానబెట్టడంలోనూ పద్ధతి ఉంది. పెరుగులోని పులుపు మాంసాన్ని పైపైన మెత్తబరుస్తుంది, పచ్చి బొప్పాయిలోని పపైన్ అనే పదార్థం ఇంకా బలంగా పనిచేస్తుంది. మన నెల్లూరు పొట్టేలు మాంసం వంటి గట్టి కండకు బొప్పాయి మేలు చేస్తుంది గానీ, ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండిలా చెదిరిపోతుంది.

అసలు మెలకువంతా బొగ్గులోనే ఉంది. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో సర్కారు తుమ్మ కట్టెలను పేర్చి, మట్టి కప్పి, గాలి సరిగా ఆడనీయకుండా కాల్చి బొగ్గు చేస్తారు. అలా కాలినప్పుడు కట్టెలోని తడీ పొగా చాలావరకు పోయి కర్బనం మిగులుతుంది కనుక, ఆ బొగ్గు తర్వాత నిలకడగా సెగనిస్తుంది. అయితే కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎన్నడూ పెట్టకూడదు. ఈ ఒక్క మాట తప్పక గుర్తుంచుకోండి.

ఆ మధ్యాహ్నం నాకు ఎక్కువగా నచ్చింది తిండి వచ్చిన తీరు. ఆఫీసులో ఎవరి క్యారేజీ వాళ్లు విప్పుకుని, పది నిమిషాల్లో ముగించి, కాగితాల ముందుకు వెళ్లిపోతాము. ఇక్కడ ముక్క కాలేదాకా అందరూ ఆగవలసిందే, ఆ ఆగిన వేళలోనే మాటలు సాగాయి. మా అటెండరు గారు ఊచలను తిప్పే ఒడుపు చూసి, మా మేనేజరు గారు తన ఊచలను కూడా ఆయనకే అప్పగించారు. చిన్నప్పుడు కావలి దగ్గర సముద్రపు ఒడ్డున చేపలు కాల్చుకుని తిన్న సంగతులు అటెండరు గారు చెబుతుంటే, ఇన్నేళ్లు పక్కపక్కన పనిచేసి కూడా ఈ మాటలు వినలేదే అని నాకు అనిపించింది. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇంచుమించు ఇరవై నిమిషాలు పడుతుందంటారు. ఇలా ఆగి ఆగి తిన్నందువల్ల అందరికీ తృప్తిగా నిండింది, ఎవరికీ ఆయాసం కలగలేదు. చివర బిర్యానీ వచ్చినా సగం మంది చేయి పెట్టలేదు.

సంక్రాంతి సెలవులకు మీరు వచ్చినప్పుడు పెరట్లో ఇటుకలు పేర్చి బొగ్గులు రాజేద్దాము. బొగ్గుల మీద తెల్లని బూడిద పొర కప్పేదాకా ఎవరూ ముక్కలు పెట్టకూడదు, ముందే పెడితే మంటకు పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. మాడిన నల్లటి భాగం ఆరోగ్యానికి మంచిది కాదు, గీకి పారేయాలి. రొయ్యలు నేను తెప్పిస్తాను, పెరుగూ అల్లం వెల్లుల్లి ముద్దా మీ పెద్దమ్మ సిద్ధం చేస్తుంది. ఊచలు తిప్పే పని మీదే.

ఇట్లు,
మీ పెదనాన్న