చర్చి మీటింగ్ హాల్‌లా ఎప్పుడు మారింది?

కొత్తగా కట్టిన కతోలిక దేవాలయంలోకి వెళ్లి చాలామంది పెదవి విరుస్తారు: "ఇది చర్చిలా లేదు, మీటింగ్ హాల్‌లా ఉంది." ఆ నిందంతా 1962-65 నాటి రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశం) మీదే పడుతుంది. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు.

పారిస్ దగ్గర లె రాన్సీలో వాస్తుశిల్పి ఆగస్ట్ పెరే కట్టిన విచారణ (పారిష్) దేవాలయం 1923 నాటిది. డబ్బు తక్కువ కావడంతో కాంక్రీటును దాచకుండా అలాగే వదిలేశారు. కప్పు బరువంతా సన్నటి స్తంభాలదే. గోడలకు మోసే పని లేదు కాబట్టి వాటి నిండా రంగుటద్దాలు పొదిగారు. 1930లో జర్మనీలోని ఆఖెన్‌లో రుడాల్ఫ్ ష్వార్జ్ ఇంకో అడుగు ముందుకేశాడు. తెల్లటి గోడలు, నల్లరాతి బలిపీఠం, దాని వెనక ఏ బొమ్మా లేని గోడ. చూపు పక్కకు పోకుండా పీఠం దగ్గరే నిలవాలని కావాలనే అలా కట్టాడు.

మహాసభ ఈ దారికి అధికారిక ముద్ర వేసింది, అంతే. 1964 సెప్టెంబరులో రోమ్ ఇచ్చిన సూచనల ప్రకారం, ప్రధాన పీఠం గోడకు ఆనకుండా, చుట్టూ తిరగడానికి, గురువు (ఫాదర్) ప్రజల వైపు తిరిగి పూజ చేయడానికి వీలుగా ఉంటే మంచిది. 'మంచిది' అన్నదాన్ని చాలాచోట్ల 'తప్పనిసరి' అని చదువుకున్నారు. తాతముత్తాతలు మోకరిల్లిన పాత పీఠాలను ఊడబీకారు. ఈ విషయంలో జనం కోపం న్యాయమైనదే.

బొమ్మల గొడవ ఇంకా ముదిరింది. ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో, క్షయ రోగుల శానటోరియంల మధ్య, అస్సీ దేవాలయాన్ని 1950లో ప్రతిష్ఠించారు. విశ్వాసం ఉండి ప్రతిభ లేనివాళ్ల కన్నా, విశ్వాసం లేకున్నా ప్రతిభ ఉన్నవాళ్లే మేలన్నది దాని వెనకున్న ఫాదర్ కుటూరియే వాదన. అందుకే కమ్యూనిస్టు లెజే, యూదులు షగాల్, లిప్షిట్జ్ లాంటి కళాకారులు అక్కడ పని చేశారు. అసలు చిచ్చు రేపింది మాత్రం శిల్పి జెర్మేన్ రిషియే చేసిన కంచు సిలువ. చెట్టు బెరడులా గరుకైన దేహం, గుర్తుపట్టలేని ముఖం, ఒళ్లేదో సిలువ కొయ్యేదో విడదీయలేనట్టు చాచిన చేతులు. ఇది దైవదూషణ అని గోల లేచింది. 1951లో బిషప్ దాన్ని పీఠం దగ్గర్నుంచి తీయించారు. 1969లో అదే సిలువ మళ్లీ అక్కడికే చేరింది.