కాలి వేళ్లు పాసినప్పుడు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో చర్మవ్యాధుల డాక్టరుగా వానాకాలం మొదలైందంటే, కాలి వేళ్ల సందుల్లో ఫంగస్ చేరి పాసినవాళ్ల నోట నేను రోజూ వినే మాట ఒకటుంది. "పూసుకున్నన్నాళ్లూ బాగుంటాది సార్, నిలిపేస్తే మళ్లీ మొదలు." ఏం పూసుకుంటున్నారో చూపించమంటే జేబులోంచి నలిగిన ట్యూబు బయటికి వస్తుంది. కంపెనీ ఏదైనా సరుకు ఒకటే: ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, వాటితోపాటు క్లోబెటసోల్ లాంటి గట్టి స్టెరాయిడ్. డాక్టరు రాసింది కాదు. "కాళ్లు పాసినాయన్నా, ఏదన్నా మంచి మందియ్యి" అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది.

అపోహ: నవ తగ్గితే జబ్బు తగ్గినట్టే.

మిగతా అపోహలన్నీ కలిపినా జనానికి ఇంత నష్టం చేయవు. ఫంగస్ చేరితే చర్మం దాన్ని వదిలించుకోవడానికి ఎర్రబడుతుంది, నవ పెడుతుంది. స్టెరాయిడ్ ఆ ప్రతిఘటనను అణిచేస్తుంది కాబట్టి రెండో రోజుకే హాయిగా ఉంటుంది. ఫంగస్‌కు ఇక అడ్డే ఉండదు. అందులో ఫంగస్ మందు కూడా ఉంది కదా అంటారు. ఉంది, కానీ దానికి వారాలు కావాలి. నవ ఆగగానే ట్యూబు గూట్లోకి పోతుంది. ఇలా నెలల తరబడి పూస్తూ ఆపుతూ ఉంటే చర్మం పలచబడుతుంది, గజ్జల్లో చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు. ఈ ఫంగస్ వల్ల చర్మం మీద వచ్చే తామర రూపే మారిపోయి, గుర్తుపట్టడం మాకే కష్టమవుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే చాలు, ఇచ్చేస్తున్నారు. ఇది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన వచ్చాడు. అక్కడ కోత మిషన్ల కింద ఎప్పుడూ నీళ్లూ రాతిపొడీ కలిసిన బురదే. పొద్దస్తమానం రబ్బరు బూట్లలో కాళ్లు నానుతాయి. చిటికెన వేలి సందు తెల్లగా ఉబ్బి, మధ్యలో చీలి ఉంది. అక్కడ మొదలైంది గజ్జలకు, నడుం చుట్టూ పాకింది. భార్యకూ వచ్చింది, చిన్నపాపకూ వచ్చింది. ఇంటిల్లిపాదికీ అదే ట్యూబు. మచ్చ అంచున పొట్టును బ్లేడుతో మెల్లగా గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి మైక్రోస్కోపులో ఆయనకే చూపించాను. కొమ్మలు కొమ్మలుగా చీలిన సన్నటి ఫంగస్ దారాలు. "నవ లేదు గదా సార్, ఇంకా ఉండాదా ఇది?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కుష్టు గాదు గదా?" అని అడిగాడు. ఆ ఒక్క మాట అడగడానికి భయపడి నెలలు ఇంట్లోనే కుమిలిపోయేవాళ్లు ఎంతమందో. కుష్టు మచ్చ మామూలుగా నవ పెట్టదు, అక్కడ స్పర్శ తగ్గుతుంది. కాదని తెలుసుకోవడానికైనా రండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

స్టెరాయిడ్ ఆపాక కొన్నాళ్లు నవ ముందుకంటే ఎక్కువవుతుంది. చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ పాత ట్యూబు తీస్తారు. ఓర్చుకోండి, నవకు వేరే మాత్రలిస్తాం. వేళ్ల సందుల్లో మాత్రమే ఉంటే ఒక్క ఫంగస్ మందే ఉన్న క్రీము చాలు. క్లోట్రిమజోల్ అయితే నాలుగు వారాల దాకా పూయాలి, టెర్బినఫైన్‌కు సాధారణంగా అంతకంటే తక్కువ పడుతుంది. మచ్చ మీదే కాకుండా చుట్టూ బాగున్న చర్మం మీద కూడా కొంత మేర పూయండి. అరికాలంతా మందమై పొట్టు లేస్తున్నా, గోళ్లకు పాకినా పైపూత సరిపోదు, మాత్రలు పడాలి. ట్రైకోఫైటాన్ ఇండోటినీయే అనే రకం మన దేశంలో బాగా వ్యాపించింది, అది చాలాసార్లు టెర్బినఫైన్‌కు లొంగదు. కాబట్టి పక్కింటాయనకు పనిచేసిన మాత్ర మీరు కొనుక్కోవద్దు.

కొనేముందు ట్యూబు మీద చదవండి. క్లోబెటసోల్, బెటామెథసోన్, మోమెటసోన్, బెక్లోమెథసోన్, వీటిలో ఏ పేరున్నా తిరిగి ఇచ్చేయండి.

ఇక మిగతావి. వంకాయ, గోంగూర, చేపలు మానేస్తే తగ్గుతుందా? సంబంధమే లేదు, తినండి. రక్తం చెడిపోవడం వల్ల వస్తుందా? రాదు, ఈ ఫంగస్ బతికేది చర్మం పైపొరలో. సున్నం, కిరసనాయిలు, బ్యాటరీ నీళ్లు పోసుకుని కాల్చుకుని వచ్చినవాళ్లను చూస్తూనే ఉన్నాను, దయచేసి వద్దు. గోరింటాకు చీలిన చోట పెట్టకండి. కాళ్లు కడగడం కంటే వేళ్ల సందులు పొడిగా తుడవడం ముఖ్యం. పాదాలకు వేరే తువ్వాలు పెట్టుకోండి. సాక్సులు వేసుకున్నాకే డ్రాయరు వేసుకోండి, లేకపోతే పాదం మీది ఫంగస్ గుడ్డతోపాటు గజ్జల్లోకి ఎక్కుతుంది. బూట్లు రెండు జతలుంటే మార్చి మార్చి ఆరబెట్టండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఇవేవీ చిన్న విషయాలు కావు. వేలి సందులో చీలిక ఉంటే బ్యాక్టీరియా లోపలికి పోవడానికి అదే దారి. పాదం తిమ్మిరి వల్ల నొప్పి కూడా తెలియదు. రోజూ రాత్రి వేళ్లు విడదీసి ఇంట్లోవాళ్లతో చూపించుకోండి. ఎరుపు పాదం నుంచి పిక్క మీదికి ఎక్కుతున్నా, కాలు వాచి వేడిగా ఉన్నా, చలిజ్వరం వచ్చినా అది సెల్యులైటిస్, అంటే చర్మం లోపలి పొరల్లోకి పాకిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, పూసుకుంటున్న ట్యూబు కూడా వెంట తీసుకెళ్లండి.