నల్ల బొచ్చు మీద ఎర్ర వెలుగు

ఒంగోలులో మా పెదనాన్నగారి ఇంటి నేలంతా చీమకుర్తి గ్రానైట్. అద్దంలాంటి ఆ నల్లరాతి మీద పదేళ్ల నల్ల లాబ్రడార్ కుక్క రాజా లేవబోతే వెనక కాళ్లు చెరోవైపు జారిపోతాయి. ముందుకాళ్లతో ఒళ్లంతా ఈడ్చుకుంటూ, గోళ్లు గీరుకుంటూ ఎలాగో లేస్తాడు. తుంటి కీళ్లు అరిగాయి. పశువైద్యుడు లేజర్ చికిత్స అనగానే పెదనాన్న బెంబేలెత్తారు. "ఎద్దులకు వాతలు పెట్టినట్టు పెడతారా నాయనా?"

వాతలు కావు. కోతకు వాడే లేజర్ వేరు. ఇక్కడ వాడేది సుమారు 600 నుంచి 1000 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎరుపు, కంటికి కనబడని పరారుణ కాంతి. చర్మాన్ని దాటి కాస్త లోతుకు వెళ్లగలిగేది ఇదే. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దీన్ని పీల్చుకుంటుందని, దాంతో కణానికి ఇంధనమైన ఏటీపీ తయారీ పెరిగి వాపు, నొప్పి తగ్గుతాయని శాస్త్రజ్ఞుల వివరణ.

ఈ కాంతి కణాలను చురుకు చేస్తుందన్నది అనుకోకుండా బయటపడిన సంగతి. అమెరికా భౌతిక శాస్త్రవేత్త థియోడర్ మైమన్ 1960లో తొలి లేజర్‌ను వెలిగించిన కొన్నేళ్లకు, హంగరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ లేజర్ వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని ఎలుకల వీపు గొరిగి ఆ కాంతిని ప్రసరింపజేశారు. క్యాన్సర్ రాలేదు. గొరిగిన చోట వెంట్రుకలు మాత్రం త్వరగా మొలిచాయి!

రాజా విషయంలో చిక్కల్లా ఒంటి నలుపే. బొచ్చుకు నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం కాంతిని పైపైనే మింగేస్తుంది. కీలుకు చేరేది తగ్గుతుంది, చర్మం వేడెక్కుతుంది. శక్తిమంతమైన యంత్రాన్ని ఒకేచోట నిలిపితే నిజంగానే కాలుతుంది. అందుకే బొచ్చు కత్తిరించి, పరికరాన్ని తుంటి చుట్టూ నెమ్మదిగా తిప్పుతూనే ఉంటారు. మోతాదును చదరపు సెంటీమీటరుకు ఇన్ని జౌల్స్ (శక్తి కొలమానం) అని లెక్కిస్తారు. తక్కువైతే ఫలితం ఉండదు, మితిమీరితే మేలు తగ్గిపోతుంది. కాంతి కంట్లో పడకుండా మనుషులకూ కుక్కకూ రక్షణ కళ్లజోళ్లు తప్పనిసరి. కణితుల మీద, చూలు కుక్క పొట్ట మీద వాడరు.

కీళ్ల నొప్పి తగ్గిందని కుక్కల మీద జరిగిన కొన్ని పరీక్షలు చెబుతున్నాయి, కొన్నింటిలో తేడా కనిపించలేదు. యంత్రాలూ మోతాదులూ ఒక్కలా లేకపోవడం ఇందుకు ఒక కారణం. కాబట్టి నా దృష్టిలో లేజర్ తోడు మాత్రమే. వైద్యుడు రాసిన నొప్పి మందును దీన్ని నమ్ముకుని ఆపకూడదు. బరువు తగ్గించడం అంతకన్నా ముఖ్యం. రాజాకు రాత్రిపూట పెట్టే నెయ్యి అన్నం మాన్పించడానికి పెద్దమ్మను ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నేల సంగతి పెదనాన్నే చూసుకున్నారు. వరండా నుంచి నీళ్ల గిన్నె దాకా గోనెపట్టాలు పరిచారు. వాటి మీద రాజా కాళ్లు జారడం లేదు.