కౌజు ఎందుకు పరిగెడుతుంది?

"వెంటపడినా కౌజు ఎగరదు, పొదల్లోంచి పరిగెడుతుంది. రెక్కలుండి ఏం లాభం?" అని ఒక పాఠకుడు అడిగారు. ఎంత మంచి ప్రశ్నో! దీనికి జవాబు దాని రొమ్ముకండలో ఉంది.

ముందు పేరు సంగతి. ఫారాల్లో పెంచి కౌజు పేరుతో అమ్మేది జపాన్ పూరేడు. నేను చెప్పేది కంపచెట్ల మధ్య, మెట్టచేల గట్ల మీద తిరిగే అడవి కౌజు గురించి. కొన్నిచోట్ల కముజు అంటారు. పొడవు దాదాపు 30 సెంటీమీటర్లు. ఒళ్లంతా బూడిద, గోధుమ రంగుల్లో సన్నటి అడ్డచారలు. లేత పసుపు గొంతు చుట్టూ నల్లదారం కట్టినట్టు ఒక గీత. ఎండుగడ్డిలో కదలకుండా నక్కితే పక్కనే ఉన్నా కనిపించదు. గింజలు, చెదలు, పురుగులు ఏరుకు తింటుంది.

మనం మరీ మీదికొస్తే మాత్రం బుర్రున లేస్తుంది. గుండె ఝల్లుమంటుంది! కాసేపు రెక్కలు టపటపలాడించి, ఆపైన వాటిని చాచి జారుకుంటూ అవతలి పొదలో దిగి, మళ్లీ పరుగు.

కౌజు కోడి కుటుంబానిదే. కోడి మాంసం గుర్తు తెచ్చుకోండి: రొమ్ము తెల్లగా, తొడ ముదురుగా ఉంటుంది. ఆ ముదురు రంగు రక్తానిదని చాలామంది అనుకుంటారు. కాదు, అది మయోగ్లోబిన్ రంగు. కండ లోపల ఆక్సిజన్‌ని పట్టి ఉంచే ప్రొటీన్ అది. కండరాల పాఠంలో బొమ్మ గీసి పేర్లు బట్టీ పట్టిస్తారు గానీ, ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఒక గ్లూకోజ్ అణువుని ఆక్సిజన్‌తో పూర్తిగా ఖర్చుచేస్తే కండకి దాదాపు 30 ఏటీపీలు, అంటే కండని కదిలించే శక్తిని మోసే అణువులు, దక్కుతాయి. ఆక్సిజన్ లేకుండా విరగ్గొడితే రెండే. తెల్లకండ ఎక్కువగా ఈ రెండో దారే పడుతుంది. ఇంత నష్టం ఎందుకంటే, ఆ దారిలో వేగం ఉంది. రక్తం ఆక్సిజన్ మోసుకొచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలకీ, ఆ ఆక్సిజన్ తెచ్చే సన్నటి రక్తకేశనాళికలకీ పెద్దగా చోటివ్వక్కర్లేదు కాబట్టి, ఆ చోటంతా లాగే ప్రొటీన్ పోగులతోనే నిండుతుంది. బరువైన ఒంటిని, పొట్టి గుండ్రటి రెక్కలతో, నిలుచున్న చోటి నుంచి గాల్లోకి లేపేది ఆ పోగులే. కానీ కొన్ని క్షణాల్లోనే కండలో ఫాస్ఫేట్, హైడ్రోజన్ అయాన్లు పేరుకుంటాయి, పట్టు సడలుతుంది. గంటలకొద్దీ ఎగరగల పావురానికి రొమ్ము ముదురెరుపు. కౌజుకి ఆ ఓపిక కాళ్లలో ఉంది.

అందుకే వెంటవెంటనే లేపితే కౌజు ఎగిరే దూరం ప్రతిసారీ తగ్గిపోతుంది. వేటగాళ్లు వాడుకునేది ఈ అలసటనే, నాకు చాలా బాధ కలిగించే విషయమిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కౌజుని పట్టడం నేరం.

గూడు కూడా నేల మీదే, పొద మొదట్లో చిన్న గుంట. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొద్దిసేపటికే తల్లి వెంట పరుగు మొదలుపెడతాయి. పొద్దు గూకాక మాత్రం పెద్దవి తరచుగా ముళ్లచెట్టు ఎక్కి పడుకుంటాయి. ఆ కొమ్మ దాకా లేవడానికి రొమ్ములోని ఆ కొద్దిక్షణాల బలం చాలు.