కోకా సుబ్బారావు అసమ్మతి నుంచి డేటా చట్టం దాకా

1941లో ఒక దోపిడీ కేసులో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో పోలీసులు పట్టుకుని, సాక్ష్యం దొరక్క వదిలేశారు. అయినా ఆయన పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. అప్పటినుంచి కానిస్టేబుళ్లు, చౌకీదార్లు రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు కొట్టేవారు, కేకలేసి నిద్రలేపేవారు. పక్క ఊరికి వెళ్లాలన్నా ముందు చౌకీదారుకు చెప్పాలి. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఈ దేశంలో ప్రైవసీ గురించి ఇవాళ జరుగుతున్న వాదనలన్నిటికీ మూలం ఆ కేసులో ఉంది.

1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రివేళ ఇంటి మీదకు రావడం చెల్లదన్నారు కానీ, మనిషి కదలికల మీద నిఘా పెట్టడంలో తప్పు లేదని మెజారిటీ తేల్చింది. రాజ్యాంగంలో గోప్యత హక్కు అనేదే లేదన్నారు. ఇద్దరు మాత్రం ఒప్పుకోలేదు. జస్టిస్ జె.సి.షా, ఆయనతో కలిసి అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన మనిషి. గోప్యత అనే మాట రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తిగత స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని ఆయన వాదన. పోలీసు కళ్ల ముందు తిరగడం స్వేచ్ఛగా తిరగడం ఎలా అవుతుందని అడిగి, అలాంటివాడికి దేశమంతా జైలేనని రాశారు. సీసీ కెమెరాలు, ఫోన్ లొకేషన్లు లేని రోజుల్లో రాసిన ఆ మాట ఇవాళ్టికే ఎక్కువ అతుకుతుందని నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాత ఐదు దశాబ్దాల పాటు ఈ హక్కు కోర్టు తీర్పుల్లో కొంచెం కొంచెంగా పెరిగింది. ఇందులో తెలుగువాళ్ల పాత్ర ఎంత ఉందో మనవాళ్లు పెద్దగా చెప్పుకోరు. 1980లో జస్టిస్ చిన్నపరెడ్డి పోలీసు నిఘాకు హద్దులు గీశారు. 1983లో మన హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ.చౌదరి, ఇష్టం లేని భార్యను కాపురానికి వెళ్లమని కోర్టు ఆదేశించడం ఆమె గోప్యతను హరించడమేనంటూ హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్‌ను కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. కానీ ఆడవాళ్ల శరీరం మీద అధికారం ఎవరిదన్న ప్రశ్నను ప్రైవసీతో ముడిపెట్టిన ధైర్యం ఆ తీర్పుది. 1994లో పత్రికా స్వేచ్ఛ కేసులో జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి, పౌరుడిని తన మానాన తనను వదిలేయడం కూడా హక్కేనన్నారు. ఎవరినైనా పంపి బ్యాంకుల్లోని పత్రాలు చూసే అధికారాన్ని కలెక్టర్లకు కట్టబెట్టిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్ట సవరణ కూడా నిలబడలేదు. 2004లో ఆ కేసులో సుప్రీంకోర్టు, గోప్యత స్థలానికి కాదు, మనిషికి సంబంధించిందని చెప్పింది. ఖాతా కాగితాలు బ్యాంకులో ఉన్నంత మాత్రాన ఖాతాదారు హక్కు పోదన్నమాట. మన వివరాలన్నీ ఎవరి సర్వర్లలోనో ఉన్న ఈ కాలానికి అంతకంటే పనికొచ్చే సూత్రం లేదు.

ఆధార్ వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్.పుట్టస్వామి 2012లో దాన్ని సవాలు చేశారు. 2015లో కేంద్రం తరఫున అటార్నీ జనరల్ లేచి, 1954 నాటి ఎం.పి.శర్మ తీర్పును, ఖరక్ సింగ్ తీర్పును చూపించి, ఈ దేశ ప్రజలకు గోప్యత ప్రాథమిక హక్కే కాదని వాదించారు. కోట్ల మంది వేలిముద్రలు, కనుపాపలు సేకరించిన ప్రభుత్వం ఆ మాట అనడం ఇప్పుడు గుర్తుచేసుకున్నా బాధ కలుగుతుంది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. యాభై నాలుగేళ్ల తర్వాత సుబ్బారావు మాట నెగ్గింది. ప్రభుత్వం ఈ హక్కులో వేలు పెట్టాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరాన్ని మించి పోకూడదు అని షరతులు పెట్టారు. మరుసటి ఏడాది ఆధార్‌కు ఆమోదం దొరికింది కానీ బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు తప్పనిసరి చేయడం చెల్లదన్నారు.

కోర్టులో నెగ్గినంత సులువుగా వీధిలో నెగ్గలేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్క రోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేకు ముంబై నుంచి వలస కూలీలు సొంత ఊళ్లకు వచ్చి మరీ వివరాలిచ్చారు. పేరు లేకపోతే పథకాలు పోతాయన్న భయం. కడుపు దాని మీద ఆధారపడినవాడు వద్దని ఎలా అంటాడు? తెలంగాణ పోలీసులు 2018లో తమ యాప్‌లో ముఖాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను చేర్చారు. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ వీధిలో తనను ఆపి, మాస్కు తీయించి ఫోటో తీశారంటూ ఒక సామాజిక కార్యకర్త హైకోర్టుకు వెళ్లారు. ఇలా తీయడానికి ఏ చట్టం అనుమతిస్తోందన్నది ఆయన ప్రశ్న. 2017 తీర్పు పెట్టిన మొదటి షరతు కూడా అదే.

చివరికి 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కంపెనీలు డేటా కాపాడకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. మంచిదే. కానీ కేంద్రం నోటిఫై చేసిన తన సంస్థలకు దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ఈ చట్టం నుంచే మినహాయింపు ఇచ్చుకోవచ్చు. పౌరుడికి మాత్రం బాధ్యతలు రాసి, తప్పితే పదివేల దాకా జరిమానా పెట్టారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే చట్టంలోని 44వ సెక్షన్. అది సమాచార హక్కు చట్టాన్ని సవరించింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించాలంటే దానికి ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేదనో, బయటపెడితే గోప్యతకు అనవసరంగా భంగం కలుగుతుందనో అధికారి చూపించాలి. ఆ షరతులు తీసేశారు. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న 8(2) నిబంధన అలాగే ఉందని ప్రభుత్వం చెబుతోంది. నిజమే, కానీ ప్రజా ప్రయోజనం ఉందని నిరూపించే భారం ఆచరణలో అడిగినవాడి మీదే పడుతుంది.

దీని బరువు తెలియాలంటే ఉపాధి హామీ సామాజిక తనిఖీలను చూడాలి. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ పనిలో దేశానికి దారి చూపింది. మస్టర్ రోల్‌లోని, అంటే కూలీల హాజరు పట్టీలోని పేర్లు, పనిదినాలు, కూలి లెక్క ఊరి జనం ముందు చదివేవారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద, ఊళ్లో లేనివాళ్ల పేర్ల మీద డబ్బు డ్రా చేసిన సంగతి అలాగే బయటపడేది. రేపు ఒక అధికారి ఆ పేర్లను వ్యక్తిగత సమాచారమంటూ నిరాకరిస్తే, కూలి డబ్బు ఎవరు తిన్నారో అడిగే దారి మూసుకుపోతుంది. ఖరక్ సింగ్ అడిగిన రక్షణ పోలీసు నుంచి. ఆ రక్షణను మస్టర్ రోల్ దాచుకునేవాడికి ఇవ్వడానికి సుబ్బారావు రాసిన తీర్పులో ఒక్క వాక్యం కూడా దొరకదు.