వేయిస్తే విషం పోదు: పల్లీల ఫ్యాక్టరీలో రోజూ వినే అపోహలు

పాలమూరు వైపు ఒక పల్లీల యూనిట్‌లో ఫుడ్ సేఫ్టీ, రెగ్యులేటరీ పని చూస్తాను. వేయించిన పల్లీలు, పల్లిపట్టీలు, పొడులు మా సరుకు. లైసెన్సులు తెచ్చి ఇన్‌స్పెక్టర్లతో మాట్లాడే ఉద్యోగం అనుకుంటారు చాలామంది. నిజానికి నా టైం ఎక్కువగా కింద రాసిన మాటలకు జవాబు చెప్పడానికే పోతుంది.

అపోహ: వేయిస్తే బూజు, గీజు అంతా పోతుంది

బూజు చస్తుంది, నిజమే. చచ్చేలోపు అది వదిలిన విషం గింజలోనే ఉంటుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పల్లీల మీద అఫ్లటాక్సిన్ తయారుచేస్తుంది. కాలేయ క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో తేలిన పదార్థం ఇది. మనం పల్లీలు వేయించే 150-180 డిగ్రీల వేడికి కొంత తగ్గొచ్చు గానీ మొత్తం పోదు. కంటికి కనపడదు కూడా.

మన దేశంలో ఇంకా ప్రాసెస్ చేయాల్సిన పల్లీలకు కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినేవాటికి 10 హద్దు. 15 మైక్రోగ్రాములంటే వెయ్యి టన్నుల పల్లీల్లో 15 గ్రాములు! ఐరోపాకు పంపాలంటే నేరుగా తినేవాటికి 4 దాటకూడదు.

ఇది ఫ్యాక్టరీలో పుట్టే జబ్బు కాదు. గింజ ముదిరే టైంలో బెట్ట తగిలితే చేలోనే మొదలవుతుంది, పీకిన కాయ సరిగా ఆరకపోతే కల్లంలో పెరుగుతుంది. మన యాసంగి పల్లికాయ వానల్లేని రోజుల్లో చేతికొస్తుంది కాబట్టి ఆరబెట్టుకునే వీలుంది. నాకు అసలు భయం ఆ తర్వాతి మెట్టు. మిషన్లో కాయ కొట్టేముందు పప్పు పగలకుండా నీళ్లు చల్లే అలవాటుంది. పప్పు నిండుగా కనిపిస్తుంది, తూకమూ కలిసొస్తుంది. ఆ తడి పప్పును సంచుల్లో కుట్టి, లారీకెత్తి, పైన పట్టా కప్పితే బూజుకు ఇంకేం కావాలి? అందుకే మా కొనుగోలు షరతుల్లో తేమ 7 శాతం దాటొద్దని రాసుకుంటాం, గేటు దగ్గర మీటర్ పెట్టి చూస్తాం. “ఒక్క శాతానికి లారీ తిప్పి పంపుతరా సార్?” అంటారు అడ్తి వాళ్లు. పంపుతాం.

అపోహ: కళ్లముందు గానుగ ఆడించిన నూనెను మించిన శుద్ధమైన నూనె లేదు

ఆ వాసన నాకూ ఇష్టమే. కాకపోతే గానుగలో పోసిన పప్పు ఎట్లాంటిదో నూనె అట్లాంటిదే. రిఫైనరీలో క్షారంతో కడిగి, బ్లీచింగ్ మట్టితో వడకట్టేటప్పుడు అఫ్లటాక్సిన్ దాదాపు పోతుంది. గానుగ నూనెకు ఆ దశే ఉండదు. మంచి పప్పు అమ్మకానికి తీసి, ఏరగా మిగిలిన నాసి పప్పును గానుగకు పంపితే చెప్పేదేముంది.

విషంలో పెద్ద భాగం నూనె తీయగా మిగిలే చెక్కలోకి పోతుంది. ఆ చెక్క బర్రెకు పెడతాం. బర్రె ఒంట్లో అది ఎం1 అనే రూపానికి మారి పాలల్లోకి దిగుతుంది. పాలకు హద్దు కిలోకు అర మైక్రోగ్రామే. 2019లో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ విడుదల చేసిన జాతీయ పాల సర్వేలో 6,432 నమూనాల్లో 368 ఈ హద్దు దాటాయి. పాలల్లో నీళ్లు కలిపారా అని లాక్టోమీటర్ ముంచి చూస్తాం, బర్రె ఏ చెక్క తిన్నదో మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: ల్యాబ్ రిపోర్టు వచ్చిందంటే లాట్ (ఒక విడత సరుకు) మొత్తం మంచిదే

ఈ విషం సంచంతా సమంగా ఉండదు. వేల గింజల్లో ఏ ఒకటి రెండిట్లోనో విపరీతంగా ఉంటుంది. పిడికెడు పల్లీలు తీసి పంపితే, ఆ గింజ పిడికిట్లో పడకపోతే రిపోర్టు శుభ్రంగా వస్తుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల పద్ధతిలో 25 టన్నుల దాకా ఉన్న లాట్ నుంచి చాలాచోట్ల తీసి 20 కిలోల నమూనా కడతారు. దాన్నంతా మెత్తగా మర పట్టించి, బాగా కలిపాకే పరీక్షకు తీసుకుంటారు. 20 కిలోల పప్పు పొడైపోతుందని బాధపడే యజమానులున్నారు.

రిపోర్టు రాకముందే నేను కలర్ సార్టర్ (రంగు చూసి గింజలు ఏరే మిషన్) ఏరేసిన గింజల బరువు చూస్తాను. రంగు మారినవి, ముడుచుకున్నవి రోజూ పడేదానికన్నా ఎక్కువ పడ్డాయంటే ఆ లాట్‌ను పక్కన పెట్టిస్తాను, కాగితం ఏం చెప్పినా సరే.

అపోహ: నీళ్లు మరిగిస్తే చాలు

ఫ్లోరైడ్ నీళ్లతో ఏళ్లుగా బాధపడ్డ నల్లగొండ వాళ్లకు ఇది చెప్పాల్సి రావడమే విచిత్రం. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ పోదు, పైగా నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. బెల్లం పాకం పట్టేచోట జరిగేది అదే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి ఆధారం లేకపోతే 1.5 దాకా. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. ఆ పద్ధతికి పేరిచ్చిన జిల్లాలో కూడా బోరు నీళ్ల రిపోర్టు ఒకసారి తెచ్చి ఫైల్లో పెట్టి మరిచిపోయే యూనిట్లున్నాయి. కొత్త బోరు వేసినా, ఉన్నదాన్ని ఇంకా లోతుకు దించినా మళ్లీ పరీక్ష చేయించండి.

అపోహ: ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుంటే సర్కారు పరీక్షించినట్టే

ఆ 14 అంకెలు అక్కడ ఆహార వ్యాపారం చేసుకోవడానికిచ్చిన అనుమతి. మీ చేతిలో ఉన్న ప్యాకెట్‌ను ఎవరో పరీక్షించారని కాదు. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే రిజిస్ట్రేషన్. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సుల వెబ్‌సైట్ ఫాస్కాస్ పోర్టల్‌లో కొట్టి చూస్తే అది చెల్లుతుందో లేదో తెలుస్తుంది.

అపోహ: మనవాళ్లకు పల్లీ అలర్జీ ఉండదు, లేబుల్ మీద ఎందుకు?

ఉన్నవాళ్లు తక్కువే కావొచ్చు, ఒక్కరికి ఊపిరాడకపోయినా ప్రాణం మీదికొస్తుంది. చట్టం ప్రకారం పల్లీలు ఉన్నాయని లేబుల్ మీద చెప్పి తీరాలి. అదే మిషన్ మీద నువ్వుల పట్టీ చేస్తే, దాంట్లోనూ పల్లీ తగిలి ఉండొచ్చని రాయడం మంచిది. నువ్వుల దగ్గర ఇంకో మెలిక ఉంది. మన అలర్జీ జాబితాలో నువ్వులు లేవు, అమెరికాలో మాత్రం 2023 జనవరి 1 నుంచి తొమ్మిదో ప్రధాన అలర్జెన్‌గా లెక్క. అమెరికాలో పిల్లలున్న ఇళ్ల నుంచి వచ్చే ఆర్డర్లు చూసి ఎగుమతి మొదలుపెడదాం అనుకునేవాళ్లు ఇక్కడి లేబుల్‌నే అంటించి పంపొద్దు.