నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు

నీటి పరీక్షల ల్యాబ్‌లో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇది: "మేం కాచి చల్లార్చిన నీళ్లే తాగుతాం సార్, మాకు ఫ్లోరైడ్ భయం లేదు." ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి వైపు నుంచి సీసా పట్టుకొచ్చేవాళ్లలో సగం మంది ఇదే చెబుతారు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ వింటున్నాను కాబట్టి రాస్తున్నాను.

కాచితే క్రిములు చస్తాయి. విరేచనాలు, టైఫాయిడ్ లాంటివి రాకుండా ఉంటాయి. కానీ ఫ్లోరైడ్ క్రిమి కాదు, నీళ్లలో కరిగి ఉన్న లవణం. ఉప్పు నీళ్లు మరిగిస్తే ఉప్పు గిన్నెలోనే మిగులుతుంది, ఆవిరయ్యేది నీళ్లే. ఇదీ అంతే. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను సగమయ్యేదాకా మరిగిస్తే, మిగిలిన నీళ్లలో లీటరుకు సుమారు 4 ఉంటుంది. మన ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనిచోట 1.5 వరకు.

ఒకసారి ఒకావిడ రెండు సీసాలు తెచ్చింది. ఒకటి బోరు నీళ్లు, ఇంకొకటి అవే నీళ్లు కాచి చల్లార్చినవి. కాచినవాటిలో ఏమీ ఉండదని ఇంట్లో వాళ్లకు చూపించాలని ఆమె పట్టుదల. పరీక్ష కిట్‌లోని మందు (రీఏజెంట్) వేస్తే, ఫ్లోరైడ్ లేని నీళ్లలో గులాబీ రంగు నిలుస్తుంది, ఉన్నకొద్దీ పసుపుకు తిరుగుతుంది. మొదటి సీసా నీళ్లు పసుపుకు తిరిగాయి. రెండోది ఇంకా పసుపుగా, నిమ్మపండు రంగుకు వచ్చింది. మీటర్ మీద పెడితే 3.2, 4.1. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పక్కన నిలబడ్డ ఎనిమిదేళ్ల పాప ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. "రెండేళ్లప్పటి నుంచి కాచే పోశాను సార్. నేనే చేశానా ఇది?" అంది.

లేదమ్మా, మీరు చేసింది కాదు. విరేచనాలు పట్టుకున్నప్పుడు కాచి తాగమని చెప్పినవాళ్లూ తప్పు చెప్పలేదు. ఆ జాగ్రత్త వేరే రోగానికి. దీనికి నీళ్లే మార్చాలి.

అదే పాపను పళ్లు సరిగ్గా తోమడం లేదని బడిలో కోప్పడ్డారట. నాకు ఒళ్లు మండే విషయమిది. పాలపళ్లు ఊడాక వచ్చే పక్కా పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులోనే, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ చారలు పడతాయి. ఎంత తోమినా పోవు. దయచేసి పిల్లల్ని తిట్టకండి.

"మా నీళ్లు తియ్యగా ఉంటాయి, పప్పు ఇట్టే ఉడుకుతుంది" అనేది రెండో మాట. సున్నం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ అంతగా కరిగి ఉండలేదు, సున్నంతో కలిసి దిగిపోతుంది. సున్నం తక్కువై సోడా గుణం ఎక్కువున్న నీళ్లలోకి గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ బాగా కరుగుతుంది. అంటే సబ్బు నురగ బాగా వచ్చి, పప్పు తొందరగా ఉడికే బోర్లలోనే నేను చాలాసార్లు పెద్ద అంకెలు చూశాను. అలాగని తియ్యటి నీళ్లన్నీ చెడ్డవి కావు. ఆ తేడా నాలుకకు తెలియదు, అంతే. ఇంకా లోతుకు దించితే మంచి నీళ్లు పడతాయన్నదీ నమ్మొద్దు. రాతిలో ఎక్కువకాలం నిలిచిన నీళ్లకు చాలాచోట్ల ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువే.

టీడీఎస్ మీటర్ చూపించి "300 ఉంది, బ్రహ్మాండం" అనేవాళ్లను అసలు వినకండి. అది లవణాలన్నిటి మొత్తం. అందులో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఎక్కడ కనిపిస్తుంది? ఆర్వో ఫ్లోరైడ్‌ను బాగానే తగ్గిస్తుంది, అందులో నీళ్లను వడగట్టే పొర (మెంబ్రేన్) బాగున్నంత కాలం. ప్లాంటు వాళ్లను ఫ్లోరైడ్ రిపోర్టే అడగండి.

బిందెలో ఇందుపగింజ అరగదీసినా, పటిక తిప్పినా మురికి దిగుతుంది, ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతిలో పటిక వాడతారు నిజమే, కానీ సున్నంతో కలిపి, నీటి పరీక్షను బట్టి లెక్కగట్టిన పెద్ద మోతాదులో. చేతికొచ్చినంత వేయడం వద్దు.

ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్‌ను వంశం జబ్బు అంటారు, అంటుకుంటుందంటారు. రెండూ కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది ఈ పక్కనే, అప్పటి నెల్లూరు జిల్లాలో. రైతులు అంతకుముందే దుక్కిటెద్దుల కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. ఎద్దుకూ మనిషికీ వంశం కలవదు, తాగిన బావి కలిసింది. వంగిపోయిన ఎముకల్ని తిన్నగా చేసే మాత్ర లేదు. అలా అమ్మేవాళ్లకు డబ్బులు పోయకండి. ఆ డబ్బుతో పిల్లలకు పాలు, ఉసిరి, జామ పెట్టండి, కాల్షియం, సి విటమిన్ దండిగా అందుతాయి.

స్నానానికి, బట్టలకు, గిన్నెలకు ఆ బోరు నీళ్లే వాడుకోవచ్చు, చర్మం గుండా ఎక్కదు. మార్చాల్సింది తాగే నీళ్లు, వంట నీళ్లు. వంటను మాత్రం మరిచిపోవద్దు, అన్నం ఆ నీళ్లన్నీ పీల్చుకుంటుంది.

ఆ తల్లి నెల తర్వాత మూడో సీసా తెచ్చింది, ఊరి చివర పాత చెరువు పక్క బావివి. 0.6. క్రిములుంటాయి కాబట్టి వాటిని కాచే తాగమన్నాను. రోజుకు రెండు బిందెలు మోసుకొస్తోందట, చంకలో ఉన్న చిన్నవాడికి ఇంకా పాలపళ్లే.